కనబడని బీరువా

పొద్దున్నే ల్యాబుకు వచ్చి, చేతిసంచి కుర్చీకి తగిలించి, కంప్యూటర్ తెరిచి చూసేసరికి పెద్దకోడలికి బీరువా కనబడలేదు.

బీరువా అంటే ఇప్పుడు ఇనప బీరువా కాదు. ఒకప్పుడు మాత్రం అచ్చంగా ఇనపదే. ఆమె మామగారు కట్టుడు పళ్ళు చేసే మనిషి. డాక్టర్లు రోగుల నోటి అచ్చులు పంపితే, వాటికి సరిపడే పళ్ళు చేసి పంపించే ల్యాబు ఆయనది. వయసులో ఉన్నప్పటి నుంచీ మైనంతో పళ్ళు చెక్కుతూ, తన మనసుకు నచ్చిన ప్రతి పన్నునూ ఆ బీరువా అరల్లో దూది పరిచి దాచేవారు. చెక్కే రోజులు పోయి కంప్యూటర్లో గీసే రోజులు వచ్చాక, ఆ పళ్ళన్నిటినీ ఓపిగ్గా స్కాన్ చేసి సర్వర్‌లో ఒక ఫోల్డర్‌లో పెట్టారు. ఆ ఫోల్డర్ పేరు కూడా బీరువాయే. ల్యాబులో పనిచేసే వాళ్ళందరికీ అది ఉమ్మడి. ఎవరికి ఏ పన్ను కావలసినా అందులోంచి ఒక ఆకారం తీసుకుని, కొత్త నోటికి కుదిరేలా కాస్త సాగదీసో, కుదించో, అచ్చం ఆ ఆకారంలో పన్ను చెక్కిపెట్టే కోత మిషన్‌కు పంపుతారు. ఊళ్ళో ఇన్ని ల్యాబులుండగా డాక్టర్లు వెతుక్కుంటూ ఇక్కడికే రావడానికి కారణం ఆ బీరువాయే. వేరేవాళ్ళు చేసిన పళ్ళతో నవ్వితే పళ్ళు కనిపిస్తాయి, మనం చేసిన పళ్ళతో నవ్వితే నవ్వు కనిపిస్తుంది అని మామగారు అంటూ ఉంటారు. గొప్పలే అనుకోండి, కానీ పూర్తిగా అబద్ధం మాత్రం కాదు.

పెద్దకోడలు కంప్యూటర్‌ను ఆపి మళ్ళీ తెరిచింది. డాక్టర్లు పంపిన అచ్చుల ఫోల్డర్ ఉంది. కోతకు సిద్ధమైన వాటి ఫోల్డర్ ఉంది. రంగుల నమూనాలవి ఉన్నాయి. ఎప్పుడో ఎవరో పెట్టి మరిచిపోయిన పెళ్ళి ఫోటోలు కూడా చెక్కుచెదరకుండా ఉన్నాయి. బీరువా మాత్రం లేదు.

మామూలు మనిషైతే ఇలాంటప్పుడు, "నాకు బీరువా కనబడటం లేదు, మీకు కనబడుతోందా?" అని ఒక కేక వేస్తుంది. ఆ కేక వేసి ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది. పెద్దకోడలు పెదవి విప్పలేదు. ఎందుకంటే దొంగ ఎవరో ఆవిడకు ముందే తెలుసు. తెలిసిన దొంగను హెచ్చరించి పారిపోనిచ్చేంత తెలివితక్కువది కాదు తను.

దొంగ ఎవరంటే, గాజు తలుపు అవతల కోత మిషన్ ముందు నిలబడి, బ్రష్షుతో తెల్లపొడి దులుపుతున్న మరిది.

పాలిష్ పని చేసే ఆవిడ కిందటివారం చెవిలో వేసింది. బస్టాండు వెనక వీధిలో ఒక ఖాళీ గది ఉందట. దాన్ని మరిది చూసి వచ్చాడట. వెలుతురు ఉందా, నీళ్ళు వస్తాయా అని అడగలేదట. త్రీఫేజ్ కరెంటు ఉందా అని అడిగాడట. కాపురం పెట్టేవాడికి త్రీఫేజ్ కరెంటు ఎందుకు? పళ్ళు కాల్చే కొలిమి పెట్టేవాడికైతే కావాలి. ఆ మాట విన్న దగ్గర నుంచీ పెద్దకోడలికి కంటిమీద కునుకు లేదు. అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా. మరిది ఫోన్ వస్తే బాల్కనీలోకి వెళ్ళి మాట్లాడినా అనుమానమే, ఇక్కడే నిలబడి మాట్లాడినా అనుమానమే. బాల్కనీలోకి వెళితే దాస్తున్నట్టు, ఇక్కడే మాట్లాడితే దాచడం లేదని నటిస్తున్నట్టు.

ఆవిడ భయం కూడా కొట్టిపారేసేది కాదు. భర్త పోయి కొన్నేళ్ళయింది. పెద్దకొడుకు పోయినా పెద్దకోడలి కుర్చీ ఆ ల్యాబులో అలాగే ఉందంటే, అది మామగారి నమ్మకం మీదే నిలబడింది. కొడుకు ఉంటే కోడలు కోడలే, కొడుకు లేనప్పుడు కోడలంటే ఏమిటో ఎక్కడా రాసిపెట్టి లేదు. మరిది బీరువాతో సహా వెళ్ళిపోతే ల్యాబు మూతపడుతుంది. వెళ్ళకుండా ఉండటానికి ల్యాబంతా అతని చేతిలో పెట్టారే అనుకోండి, ఇక తను అతని దయాదాక్షిణ్యాల మీద బతకాలి. ఎటు చూసినా పోయేది తన కుర్చీయే.

ఇంకొకటి కూడా ఉంది. కొత్త స్కానర్ వచ్చిన రోజు, ఎలా పనిచేస్తుందో చూద్దామని మామగారు అందరికన్నా ముందు పెద్దకొడుకు నోరే తెరిపించారు. పై వరుసలో ఒక పన్ను పక్క పన్ను మీదకు కొంచెం ఎక్కి ఉండే ఆ పలువరుస, బీరువాలో అన్నిటికన్నా ముందు చేరిన ఫైలు. పని తక్కువగా ఉన్న మధ్యాహ్నాలు పెద్దకోడలు దాన్ని తెరిచి, తెరమీద అటూ ఇటూ తిప్పి చూసుకునేది. ఫోటోలో మనిషి ఒకవైపు నుంచే కనిపిస్తాడు. ఇందులో లోపలి నుంచి కూడా కనిపిస్తాడు.

అందుకే మొన్న, అందరూ భోజనాలకు వెళ్ళిన సమయం చూసి, బీరువా మొత్తాన్ని ఒక డిస్కులోకి ఎక్కించుకుంది. ఇంటికి తీసుకెళ్ళి దుప్పట్ల కింద పెట్టింది. ఇది దొంగతనం కాదు, జాగ్రత్త అని తనకు తాను చెప్పుకుంది. మనం చేస్తే జాగ్రత్త, ఎదుటివాడు చేస్తే దొంగతనం, లోకంలో ఉన్నదేగా. ఆ సాయంత్రమే మామగారి బల్ల దగ్గరకు వెళ్ళి, "మరిది వేరే గది చూస్తున్నాడట మామయ్యా. బీరువా సంగతి కాస్త కనిపెట్టి ఉండండి. నేను చెప్పానని మాత్రం అనకండి" అని మెల్లగా చెప్పింది కూడా. ఆయన ఇప్పటికీ అలవాటు కొద్దీ చెక్కుకునే మైనం మీంచి తల ఎత్తకుండా "ఊఁ" అన్నారు.

ఇవాళ చూస్తే బీరువా లేదు. తన అనుమానమే నిజమైంది. నిజమైనందుకు గుండె గుభేలుమంది, కానీ నిజం చెప్పొద్దూ, లోలోపల ఒక మూల కాస్త తృప్తిగా కూడా అనిపించింది.

ఇప్పుడు చిక్కల్లా ఒకటే. నా దగ్గర నకలు ఉంది, కంగారు పడకండి అందామంటే, నకలు నువ్వెందుకు తీశావు అనే ప్రశ్న వస్తుంది. అనకుండా ఊరుకుంటే దొంగ దర్జాగా తప్పించుకుంటాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. దొంగను సాక్ష్యంతో సహా పట్టుకున్నాక మామగారికి చెబితే, డిస్కు ఊసు ఎత్తే అవసరమే రాదని లెక్క వేసుకుంది.

మెట్ల మీదకు వెళ్ళి నెట్‌వర్క్ చూసే మనిషికి ఫోన్ చేసింది. అతనికి ఆ ల్యాబులో పేరు కనెక్షన్. ఎవరు ఏ కష్టం చెప్పుకున్నా ముందుగా "కనెక్షన్ చూశారా?" అంటాడు కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది.

"ఒక ఫోల్డర్ పోయిందండి. బీరువా" అంది గొంతు తగ్గించి.

అవతల చెప్పుల చప్పుడు టక్కున ఆగింది. "బీరువానా?" అన్నాడు కనెక్షన్.

"ఎవరో చెరిపేశారు. వెనక్కి తీసుకురావాలి. ఎవరు చెరిపారో కూడా నాకు తెలియాలి. మీరొచ్చేది దేనికో ఎవరికీ తెలియకూడదు. నెట్ నెమ్మదిగా ఉందని నేను పిలిచానని చెప్పండి."

"అలాగేనమ్మా" అన్నాడతను. కనెక్షన్ చూశారా అని అడగలేదు. అది కూడా ఆవిడకు వింతగానే తోచింది.

అతను వచ్చేసరికి మరిది తనే ఎదురెళ్ళి తలుపు తీశాడు. "రండి రండి. నెట్ నెమ్మదిగా ఉందని నేనే పిలిచాను వదినా" అన్నాడు, ఆవిడ అడగకముందే.

పెద్దకోడలు చేతిలోని మౌస్ వదిలేసింది. పిలిచింది తను. ఆ సాకు కనిపెట్టింది తను. అది వీడి నోట్లోకి ఎలా వచ్చింది? అంటే తను ఫోన్ పెట్టేయగానే కనెక్షన్ వీడికి ఫోన్ చేసి ఉండాలి. ఇద్దరూ కుమ్మక్కయ్యారు. చెరిపింది వీడు, ఆనవాళ్ళు తుడవడానికి వచ్చింది వాడు. దొంగ చేతికే తాళాలు ఇచ్చానే అని నాలుక కరుచుకుంది. కనెక్షన్ ముఖం చూస్తే, కుడితిలో పడ్డ ఎలుకలా ఉన్నాడు. ఇద్దరికీ ఒకేసారి తల ఊపి, చంకలో ల్యాప్‌టాప్‌తో మెట్లకింద సర్వర్ ఉన్న అరలోకి దూరిపోయాడు.

ఇక ఆ రోజు పని ఎలా సాగిందో ఆవిడకే తెలియాలి. ఒక సంగీతం టీచరుకు ముందు పన్ను సాయంత్రానికల్లా పంపాలి. బీరువా ఉంటే ఒక ఆకారం లాక్కుని దిద్దితే అయిపోయే పని. అది లేక, ఖాళీ తెరమీద మొదటి నుంచి గీయాల్సి వచ్చింది. గీసినది ఒకసారి చిక్కుడు గింజలా వచ్చింది, ఇంకోసారి పలుగులా వచ్చింది. గీస్తున్నంత సేపూ ఒక కన్ను గాజు తలుపు మీదే ఉంచింది. మరిది కూడా పని చేయడం లేదు. పొద్దుటి నుంచీ శుభ్రంగా ఉన్న మిషన్‌నే తుడుస్తున్నాడు. తన కంప్యూటర్ దగ్గరకు వెళతాడు, ఏదో చూస్తాడు, వచ్చి మళ్ళీ తుడుస్తాడు. రెండు మూడుసార్లు ఇద్దరి చూపులూ కలిశాయి. అతనే ముందు చూపు తిప్పుకున్నాడు. తేలు కుట్టిన దొంగ ఇంకెలా ఉంటాడు అనుకుంది. తను కూడా ఆ వెంటనే చూపు తిప్పుకున్న సంగతి లెక్కలోకి తీసుకోలేదు.

కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్న మామగారు ఆ రోజు అలవాటు లేకుండా మాటిమాటికీ లేచి తిరిగారు.

"అంతా బాగానే ఉందా అమ్మా?" అని ఆవిడ కుర్చీ వెనక ఆగి అడిగారు.

"ఆఁ, బాగానే ఉంది మామయ్యా."

గాజు తలుపు తీసి, "నీ పని ఎలా ఉందిరా?" అని కొడుకును అడిగారు.

"బాగానే ఉంది నాన్నా. మిషన్ శుభ్రం చేసుకుంటున్నా."

భోజనాలయ్యాక మళ్ళీ వచ్చారు. "ఏమన్నా ఇబ్బందిగా ఉంటే చెప్పమ్మా" అన్నారు. "ఇబ్బందేముంది మామయ్యా" అందావిడ, పలుగులాంటి పన్ను మీద చెయ్యి అడ్డం పెట్టి. ఆయన కాసేపు అక్కడే నిలబడి, తెరకేసి చూసి వెళ్ళిపోయారు. పాపం, పెద్దాయన ఆరోగ్యం బాగుందో లేదో అనుకుంది పెద్దకోడలు.

ఎండ తగ్గాక కనెక్షన్ మెట్లకింద నుంచి బయటికొచ్చాడు. జుట్టునిండా బూజు. ఆవిడకు సైగ చేయలేదు, మరిదికీ చేయలేదు. గది మధ్యలో నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"ఒకసారి అందరూ ఇలా వస్తారా. ఇంటింటి రహస్యాలు కడుపులో దాచుకుని తిరిగే వయసు కాదండీ నాది. పొద్దున్నుంచి అన్నం కూడా సయించలేదు."

మరిది చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. పెద్దకోడలు కుర్చీ వదలకుండా ఇటు తిరిగింది. మామగారు తన బల్ల దగ్గరే ఉన్నారు.

"బీరువా పోయిందని పొద్దున్న ఈయన ఫోన్ చేశాడు" అన్నాడు కనెక్షన్, మరిదిని చూపిస్తూ. "ఎవరికీ చెప్పొద్దు, నెట్ నెమ్మదిగా ఉందని పిలిచానని చెప్పండి అన్నాడు. చెప్పులేసుకుంటున్నానో లేదో, అమ్మగారు ఫోన్ చేశారు. అదే మాట. అదే సాకు. వదినా మరుదులు ముందే మాట్లాడుకున్నారేమో అనుకున్నాను. ఇక్కడికొచ్చి ముఖాలు చూస్తే అలా లేదు."

పెద్దకోడలికి ఒక్క క్షణం బుర్ర పనిచేయలేదు. పోయిందని దొంగే ఫిర్యాదు చేస్తాడా? మరిది కూడా ఆవిడనే చూస్తున్నాడు, అచ్చంగా అదే ప్రశ్నతో.

"దొరికిందా?" అని ఇద్దరూ ఒకేసారి అడిగారు.

"పోతేగా దొరకడానికి. చెరిపినవి వెళ్ళే చెత్తబుట్ట వెతికాను, అందులో లేదు. ఈ సర్వర్ రోజూ తనంతట తానే ఒక నకలు తీసి పెట్టుకుంటుంది. నిన్నటి నకలులో బీరువా ఉంది. అసలు చోట చూద్దునూ, అక్కడా భేషుగ్గా ఉంది. ఒక్క పన్ను కూడా పోలేదు. మీకు కనబడటం లేదు, అంతే."

"మాకంటే?" అంది పెద్దకోడలు.

"మీ ఇద్దరికీ. ఏ ఫోల్డర్ ఎవరెవరు చూడొచ్చో దానికి పేర్లు ఇచ్చి ఉంటాం. మీ పేరు తీసేశారనుకోండి, తాళం వేసినట్టు కూడా కనబడదు. అసలు అలాంటి గదే ఇంట్లో లేనట్టు ఉంటుంది. మీ ఇద్దరి పేర్లూ నిన్న సాయంత్రం తీసేశారు. అలా తీయగలిగే పాస్‌వర్డ్‌లు రెండే. ఒకటి నా దగ్గర ఉంది. నేను తీయలేదు."

రెండో పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉందో వేరే చెప్పనక్కరలేదు. ముగ్గురూ కిటికీ వైపు తిరిగారు.

మామగారు చేతిలోని మైనం ముక్కను బల్ల మీద పెట్టారు. "నేనే తీశాను" అన్నారు.

ఆయనే మళ్ళీ అందుకున్నారు.

"మొన్న నువ్వొచ్చి, వీడు వేరే గది చూస్తున్నాడని చెప్పావు. నువ్వు అటు వెళ్ళావు, వీడొచ్చాడు. మిషన్ కోత మధ్యలో ఆగి పన్ను పాడైందట. నెట్‌వర్క్ మీద ఇంత బరువు ఎక్కడిదా అని చూస్తే, భోజనాల వేళ నీ కంప్యూటర్లోంచి బీరువా మొత్తం బయటికి పోయినట్టు తేలిందట. నేను చెప్పానని అనకు నాన్నా అన్నాడు. నువ్వూ అదే అన్నావు. ఒక్కగానొక్క బీరువా, ఇద్దరు దొంగలు. నేను ఎవరిని నమ్మాలి?"

"అందుకని..." అన్నాడు మరిది.

"అందుకని ఇద్దరి పేర్లూ తీసేశాను. మనసులో ఏమీ లేనివాళ్ళెవరో వాళ్ళు పొద్దున్నే పరిగెత్తుకొస్తారు, నాన్నా బీరువా పోయింది అనో, మామయ్యా బీరువా పోయింది అనో లబోదిబోమంటారు అనుకున్నాను. పొద్దుటి నుంచీ కాళ్ళు నొప్పులు పుట్టేలా తిరిగాను. బాగానే ఉంది, బాగానే ఉంది. నా జీవితమంతా పోతే మీ ఇద్దరికీ బాగానే ఉంది."

పెద్దకోడలికి సిగ్గు ముంచుకొచ్చింది. సిగ్గు వెనకే కోపం కూడా వచ్చింది. ఇన్నేళ్ళు ఏ నమ్మకం మీద కూర్చున్నాననుకుందో, ఆ నమ్మకాన్ని ఈయన నిన్న సాయంత్రం ఒక్క నొక్కుతో తీసేసి, ఏమీ ఎరగనట్టు వెనక నిలబడి చూశారు.

"నన్ను అడగొచ్చుగా మామయ్యా" అంది.

"నువ్వు వీణ్ణి అడిగావా అమ్మా?"

ఆవిడ మరిది వైపు తిరిగింది. "ఆ గది సంగతి నిజమేనా?"

"నిజమే" అన్నాడు మరిది. "ఇక్కడ నేను ఎప్పటికీ చిన్నవాణ్ణే వదినా. మిషన్ తుడవమంటారు, తుడుస్తా. ఒక్క పన్ను నా అంతట నేను గీస్తానంటే, వదినకు చూపించు అంటారు. అందుకే గది చూశాను. బీరువా మీద మాత్రం చెయ్యి వేయలేదు."

"వేసేవాడివి కాదా?"

అతను కాస్త ఆలోచించాడు. "నాన్నని అడుగుదామనుకున్నాను. ఇవ్వనంటే ఏం చేసేవాణ్ణో నాకే తెలియదు" అన్నాడు. "మరి నువ్వెందుకు ఎక్కించుకున్నావు?"

సాక్ష్యాలు, లెక్కలు అన్నీ అప్పుడే ఆవిరైపోయాయి. చెప్పడానికి ఒక్కటే మిగిలింది. "అందులో మీ అన్నయ్య ఉన్నారు" అంది. "నువ్వు బీరువా పట్టుకుపోతే నాకు ఇక్కడ కుర్చీ ఉండదు. కుర్చీ పోతే మళ్ళీ ఆయన్ని చూసే వీలుండదు. అందుకే తీసుకెళ్ళాను."

మరిది తల దించుకున్నాడు. మామగారు కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"అది నా కొడుకు నోరమ్మా" అన్నారు చివరికి. "పాలపళ్ళ నుంచీ ఎరుగుదును. అడిగితే నా చేత్తో నేనే ఇచ్చేవాణ్ణి. చెప్పకుండా పట్టుకెళ్ళావు."

ఆ మాటకు పెద్దకోడలు ఏడ్చింది. ఆయన ఓదార్చలేదు. కనెక్షన్ ఎక్కడ చూడాలో తోచక సీలింగ్ ఫ్యాన్‌ను చూస్తూ నిలబడ్డాడు.

మామగారు మెల్లగా లేచి వచ్చి, కనెక్షన్ ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఇద్దరి పేర్లూ మళ్ళీ చేర్చారు. అటు మరిది కంప్యూటర్‌లోనూ, ఇటు పెద్దకోడలి కంప్యూటర్‌లోనూ బీరువా వచ్చి కూర్చుంది, అసలు ఎక్కడికీ వెళ్ళనట్టు. వెళ్ళలేదు కూడాను.

"ఆ డిస్కు తీసుకురా అమ్మా" అన్నారు.

"రేపు పొద్దున్న వచ్చేటప్పుడు తెస్తాను మామయ్యా."

"ఇప్పుడే తీసుకురా."

నిన్నటి దాకా ఆయన ఆవిడతో అలా మాట్లాడలేదు. పెద్దకోడలు కళ్ళు తుడుచుకుని, చేతిసంచి భుజానికి వేసుకుని మెట్లు దిగింది. సగం దిగేసరికి వెనక బండి తాళాల చప్పుడు. మరిది వస్తున్నాడు.

"పద వదినా, బండి మీద తీసుకెళ్తాను" అన్నాడు.

ఆవిడ ఆగిపోయింది. వీణ్ణి ఆయన పంపారా, వీడే వచ్చాడా? జాలిపడి వస్తున్నాడా, ఇంటికెళ్ళి ఇంకో నకలు తీసుకుంటానని అనుమానమా? బుర్ర పాత దారిలో పరుగు మొదలుపెట్టింది. ఇంకో నాలుగు మెట్లు దిగితే ఎంత దూరం పోయేదో. ఆవిడ దిగలేదు. వెనక్కి తిరిగి సూటిగా అతని ముఖంలోకే చూసింది.

"నాకు తోడొస్తున్నావా, నా మీద కాపలాకు వస్తున్నావా?"

మరిది చేతిలోని తాళాలు అటూ ఇటూ తిప్పాడు. అబద్ధం చెప్పడానికి కావలసినంత సమయం ఉంది, చెప్పలేదు.

"రెండూ వదినా" అన్నాడు.

"సరే, పద" అంది పెద్దకోడలు. ఇద్దరూ మిగతా మెట్లు దిగారు.